టీబీ పక్కింటి జబ్బు

ఛాతీ వైద్యుల దగ్గరికి కొందరు చేతిలో ప్లాస్టిక్ కవరుతో వస్తారు. కవరు బల్ల మీద బోర్లిస్తే కథంతా వరసగా బయటపడుతుంది. రెండేళ్ల కిందటి ఎక్స్‌రే, ఊపిరితిత్తుల మొదట్లో రెండు పక్కలా లింఫ్ గ్రంథులు ఉబ్బాయన్న రిపోర్టు. కళ్లె పరీక్ష చీటీలు మూడు, మూడింట్లోనూ క్రిమి లేదు. అయినా టీబీ మందుల కార్డు, ఆరు నెలల కోర్సు అయిపోయిందన్న ముద్ర. తర్వాతి ఎక్స్‌రేలో గ్రంథులు కాస్త తగ్గాయి, గండం గడిచిందనుకున్నారు. ఏడాది తిరక్కుండా మళ్లీ దగ్గు, నీరసం, ఈసారి ఎడమ కంట్లో ఎరుపు, మసక. మళ్లీ టీబీ మందులు. కవరు అడుగున ఎవరి కంటా పడని రక్తపరీక్ష కాగితం: క్యాల్షియం 11.4. ఇంట్లో ఈ మనిషికి రెండేళ్లుగా కంచం వేరు, గ్లాసు వేరు.

ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామంది కవర్లలోంచి ఏరి కూర్చింది. మన వైపు చాలామంది రోగులు సార్కోయిడోసిస్ అనే తమ అసలు జబ్బు పేరు వినేది టీబీ మందులు ఒక విడత మింగాకే. టీబీ పెద్దగా లేని దేశాల్లో రాసిన మార్గదర్శకాలు 'టీబీ కాదని తేల్చుకోండి' అని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. మనకు అసలు వైద్యం ఆ వాక్యం దగ్గరే మొదలవుతుంది. అందుకే ఈ సమీక్షలో టీబీ మాట పదే పదే వస్తుంది.

జున్ను ఉందా, లేదా

ఒంట్లోకి వచ్చిన ఏదో ఒక పదార్థాన్ని అరిగించుకోలేకపోయినప్పుడు రక్షణ కణాలు దాని చుట్టూ గుమిగూడి గట్టి ముద్ద కడతాయి. దాన్నే గ్రాన్యులోమా అంటారు. టీబీలో ఆ ముద్ద నడిమి భాగం చచ్చి, విరిగిన పాలలా, జున్నులా మెత్తబడుతుంది. సార్కోయిడోసిస్‌లో ముద్ద గట్టిగా, శుభ్రంగా, విడివిడిగా ఉంటుంది, మధ్యలో జున్ను ఉండదు. పాఠ్యపుస్తకం చెప్పే తేడా ఇది. ఇంత సులువుగా తేలితే ఈ వ్యాసం అక్కర్లేదు. టీబీ ముద్దల్లో జున్ను కట్టనివీ ఉంటాయి, సార్కోయిడ్ ముద్దల్లో కాస్త చచ్చిన భాగం కనిపించేవీ ఉంటాయి. పైగా సూదితో లాగిన ముక్క ముద్దలో ఏ భాగం నుంచి వచ్చిందో సూదికి తెలియదు.

జబ్బు పేరు చర్మవైద్యుల నుంచి వచ్చింది. లండన్‌లో జొనాథన్ హచిన్సన్ 1877లో చేతులకీ కాళ్లకీ ఊదారంగు మచ్చలు లేచిన ఒక బొగ్గు కూలీ గురించి రాశాడు. నార్వేలో సీజర్ బెక్ 1899లో ఇలాంటి చర్మం ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, సార్కోమా అనే క్యాన్సర్‌ని పోలి ఉంది గానీ అది కాదని 'సార్కోయిడ్' అన్నాడు. అంటే పుట్టిన నాటి నుంచీ దీని పేరులోనే 'అలా కనిపిస్తుంది, కానీ అది కాదు' అన్న అర్థం ఉంది. మన దేశంలో మొదటి కేసులు రాతలోకెక్కింది 1950ల రెండో సగంలో. అప్పటివరకూ ఈ జబ్బు ఇక్కడ లేదనుకున్నారు. లేకపోవడం కాదు, ఉన్నవాళ్లంతా టీబీ శానిటోరియాల్లో పడుకుని ఉండి ఉంటారని నా అనుమానం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915లో మొదలైంది. ఆ మంచాల మీద ఎంతమంది అసలు టీబీ లేనివాళ్లో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

కారణం ఇంకా దొరకలేదు. జన్యువుల్లో ఉన్న ఏదో మొగ్గుకి బయటి నుంచి వచ్చినదేదో తగిలితే మొదలవుతుందన్నంతవరకే ఒప్పుదల ఉంది. ఆ బయటిది ఏమిటన్నదే తగవు. కొందరి ముక్కల్లో టీబీ క్రిమి తాలూకు ప్రోటీను అవశేషాలు దొరికాయి, జపాన్ పరిశోధకులు మొటిమల బాక్టీరియాను అనుమానించారు. టీబీ క్రిమి అవశేషమే మూలమైతే టీబీ తరహా మందులకు లొంగాలి కదా అని అమెరికాలో లీవోఫ్లాక్ససిన్, ఇథాంబ్యుటాల్, అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్ కలిపి ఊపిరితిత్తుల సార్కోయిడోసిస్‌లో పరీక్షించారు. ఊపిరితిత్తుల సామర్థ్యంలో మెరుగేమీ రాలేదు. పక్కిల్లే గానీ ఒకే ఇల్లు కాదన్నమాట. ఇంకొక మాట రోగికీ ఇంట్లోవాళ్లకీ మొదటి రోజే చెప్పాలి: ఇది అంటుకోదు. కంచం వేరు పెట్టక్కర్లేదు.

మూడు కాళ్ల పీట

2020లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ రోగనిర్ధారణకు మూడు షరతులు పెట్టింది. లక్షణాలూ స్కానూ జబ్బుకి సరిపోవాలి. ఒంట్లో ఎక్కడో ఒకచోట జున్ను కట్టని గ్రాన్యులోమా దొరకాలి. దాన్ని పుట్టించగల ఇతర కారణాలు లేవని తేలాలి. 'ఈ పరీక్ష పాజిటివ్ వస్తే సార్కోయిడోసిస్' అనే పరీక్ష ఏదీ లేదు. ఒకప్పుడు ఉండేది. నార్వేకే చెందిన క్వీమ్ 1941లో రోగుల గ్రంథుల నుంచి తీసిన సారాన్ని చర్మంలోకి ఎక్కించి, కొన్ని వారాల తర్వాత అక్కడ లేచిన బుడిపెను కోసి చూసే పద్ధతి చెప్పాడు. మనిషి కణజాలం ఇంకో మనిషికి ఎక్కించడంలో ఉన్న ప్రమాదం తెలిసొచ్చాక అది మూలపడింది.

ఇప్పుడు దాని చోట్లోకి రక్తంలో ఏసీఈ అనే ఎంజైమును కొలిచే పరీక్ష వచ్చి కూర్చుంది, ఆ కుర్చీకి అది తగదు. గ్రాన్యులోమా కణాలు ఆ ఎంజైమును విడుదల చేస్తాయన్నది నిజమే. కానీ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది. టీబీలో, కుష్ఠులో, షుగరులో, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కూడా పెరుగుతుంది. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి వాడుతున్నవాళ్లలో పడిపోతుంది. ఏసీఈ ఎక్కువని స్టెరాయిడ్ మొదలుపెట్టడమూ, మామూలుగా ఉందని సార్కోయిడోసిస్ కాదనడమూ రెండూ తప్పే. నా మటుకు నాకు ఆ డబ్బుతో క్యాల్షియం, క్రియాటినిన్, ఒక ఈసీజీ చేయించడం మేలనిపిస్తుంది.

చర్మంలోకి సూది వేసి పొంగు చూసే మాంటూ పరీక్షది ఇక్కడ విచిత్రమైన పాత్ర. 2019–21 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 15 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 31 శాతం మందికి టీబీ క్రిమి ఎప్పుడో సోకి నిద్రలో ఉంది. కాబట్టి మామూలు మనిషికి మాంటూ పొంగితే దానికి పెద్ద అర్థం లేదు. సార్కోయిడోసిస్‌లో మాత్రం రక్షణ కణాలు ఊపిరితిత్తుల వైపు పరుగెత్తడం వల్ల చర్మం మొద్దుబారి, సోకినవాళ్లలో కూడా మాంటూ చదునుగా ఉండిపోతుంది. అందువల్ల మన దగ్గర గట్టిగా పొంగిన మాంటూ చూస్తే సార్కోయిడోసిస్ ఆలోచనను ఒక అడుగు వెనక్కి వేయాలి. ఏమీ పొంగకపోతే ఒక అడుగు ముందుకి. ఒక్క అడుగే, అంతకు మించి కాదు.

సీటీ స్కాను ఇంకొంచెం గట్టిగా మాట్లాడుతుంది. సార్కోయిడ్ గ్రంథులు రెండు పక్కలా సమంగా, ఒకదానికొకటి అంటుకోకుండా, లోపల ఒకే రంగుతో కనిపిస్తాయి. టీబీ గ్రంథులు తరచూ ఒక పక్కనే ఎక్కువ, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మందు ఎక్కించి తీస్తే అంచు మెరిసి నడిమి భాగం నల్లగా ఉంటుంది. ఊపిరితిత్తి పొరల వెంట, శ్వాసనాళాల చుట్టూ చీమల బారులా సన్నని చుక్కలు పేర్చినట్టుంటే అది సార్కోయిడోసిస్ వైపు మొగ్గు.

ఇక ముక్క. పదిహేనేళ్ల కిందటి వరకూ ఛాతీ నడుమనున్న గ్రంథిని అందుకోవాలంటే మెడ కింద కోసి గొట్టం దింపాల్సి వచ్చేది. మన రోగులు 'ఆపరేషనా?' అని వెనక్కి తగ్గేవారు, డాక్టరు కూడా 'పోనీ టీబీ మందులు వాడి చూద్దాం' అనేసేవాడు. ఈబస్ వచ్చాక ఆ సాకు పోయింది. నోటి గుండా దింపే గొట్టం కొనకు అల్ట్రాసౌండ్ కన్ను ఉంటుంది. శ్వాసనాళం గోడ అవతల గ్రంథిని తెర మీద చూస్తూ సూది గుచ్చి లాగుతారు. 2013లో ఆరు దేశాల్లో 304 మంది మీద చేసిన పరీక్షలో ఈ దారిలో (నాళం నుంచి గానీ అన్నవాహిక నుంచి గానీ) గ్రాన్యులోమా దొరికింది 80 శాతం మందిలో, పాత బ్రాంకోస్కోపీ ముక్కలతో 53 శాతం మందిలో.

ఈబస్ గదిలో ఒక చిన్న సంగతి మొత్తం వైద్యాన్ని మారుస్తుంది. లాగిన పదార్థమంతా ఫార్మలిన్ సీసాలో వేసి పాథాలజీకి పంపేస్తే పని సగమే అయినట్టు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కలో క్రిమి పెరగదు. ఒక సూది లాగుడును మామూలు సెలైన్‌లో వేసి, టీబీ క్రిమి జన్యువులను వెతికే సీబీనాట్‌కీ, కల్చర్‌కీ పంపాలి. సీబీనాట్ గంటల్లో చెబుతుంది, పాజిటివ్ అయితే నమ్మొచ్చు. నెగటివ్ అయితే టీబీ లేదని కాదు. ద్రవ మాధ్యమంలో కల్చర్‌కు ఆరు వారాలు పడుతుంది. ఆ ఆరు వారాలు ఆగగలిగే రోగిని ఆపడమే, నా అనుభవంలో, ఈ వైద్యంలో అన్నిటికన్నా కష్టమైన పని. రోగికి జబ్బు పేరు కావాలి, ఇంట్లోవాళ్లకు మందు కావాలి, డాక్టరుకు ఏదో ఒకటి రాసిచ్చి పంపాలని ఉంటుంది. రెండు సీసాలకు లేబుళ్లు వేయించలేని డాక్టరు నెలల తరబడి అనుమానంతో కాపురం చేయాలి.

తొందరపాటు రెండు వైపులా ఉంది. ఏ తప్పు ఎంత ఖరీదు చేస్తుందో తెలిస్తే ఆగడం సులువవుతుంది. టీబీని సార్కోయిడోసిస్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే లోపలి నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టే. మొదటి రెండు వారాలు జ్వరం తగ్గి ఆకలి పుడుతుంది, ఆ తర్వాత టీబీ ఊపిరితిత్తంతా పాకుతుంది. రెండో తప్పు, సార్కోయిడోసిస్‌కి టీబీ మందులివ్వడం, చప్పుడు చేయని తప్పు. కాలేయం దెబ్బతినొచ్చు, ఇథాంబ్యుటాల్‌తో కంటి నరం నొచ్చొచ్చు. ఈ లోపు కన్నూ గుండే ఎవరి కాపలా లేకుండా ఉంటాయి. ఇందులో మోసం ఒకటుంది. గ్రంథులు మాత్రమే ఉబ్బిన తొలి దశ సార్కోయిడోసిస్ సగానికి పైగా రోగుల్లో ఏ మందూ లేకుండానే తగ్గిపోతుంది. ఆ తగ్గే నెలల్లో రోగి టీబీ మాత్రలు మింగుతుంటే పేరు మాత్రలకొస్తుంది. 'మందులకు తగ్గింది కాబట్టి టీబీయే' అనే వాదానికి ఈ జబ్బులో కాళ్లు లేవు. రెండూ కలిపి ఇచ్చేద్దాం, ఏదైనా తగులుతుంది అనే మూడో దారి కూడా ఉంది. రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉసిగొల్పి ప్రెడ్నిసోలోన్‌ని త్వరగా కరిగించేస్తుందని ఆ దారి తొక్కేవాళ్లు మరిచిపోతారు.

ముక్క అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. చీలమండలు వాచి, కాళ్ల మీద నొప్పి పెట్టే ఎర్రటి గడ్డలు లేచి, జ్వరంతో, రెండు పక్కలా గ్రంథులతో వస్తే అది లోఫ్‌గ్రెన్ సిండ్రోమ్. స్వీడన్‌లో ఇది రోజువారీ సంగతి, దాదాపు ఎప్పుడూ దానంతటదే తగ్గుతుంది. మన దగ్గర అరుదు కాబట్టి 'కాళ్ల మీద ఎర్ర గడ్డలు' అనగానే మళ్లీ టీబీనే ముందు గుర్తుకొస్తుంది, అది కూడా న్యాయమే.

ఏం పని చేస్తావు?

ఈ ప్రశ్న అడగకుండా సార్కోయిడోసిస్ అని రాయకూడదు. క్వార్ట్జ్ పొడి చేసే మిల్లుల్లో, రాళ్ల క్రషర్ల దగ్గర పనిచేసినవాళ్ల గ్రంథులు కూడా ఉబ్బుతాయి, అంచున గుడ్డు పెంకులా సున్నం కడతాయి. సిలికోసిస్‌కి స్టెరాయిడ్ ఇస్తే ఒరిగేదేమీ లేదు, టీబీని పిలిచినట్టవుతుంది. బెరీలియం ఇంకా కొంటెది. అది పుట్టించే గ్రాన్యులోమాను సూక్ష్మదర్శినిలో సార్కోయిడ్ నుంచి విడదీయలేం. 1940ల్లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ట్యూబులైట్ల ఫ్యాక్టరీ అమ్మాయిలు వరసగా ఆయాసంతో పడిపోతే ఊరి పేరు మీద 'సేలం సార్కోయిడ్' అన్నారు. ట్యూబు లోపల పూసే పొడిలో బెరీలియం ఉందని హారియెట్ హార్డీ అనే వైద్యురాలు పట్టుకునేదాకా ఆ పేరే నడిచింది. లింఫోమా, ఫంగస్, క్యాన్సర్ పక్క గ్రంథుల్లో వచ్చే సార్కోయిడ్ లాంటి చర్య కూడా ఈ జాబితాలోవే. పెట్ స్కాన్‌లో ఒళ్లంతా వెలిగిన సార్కోయిడోసిస్‌ని వ్యాపించిన క్యాన్సర్ అనుకుని కుటుంబాలు వారాల తరబడి ఏడవడం కొత్త సంగతి కాదు. పెట్ వెలుగు ఎక్కడ సూది గుచ్చాలో చెబుతుంది. ఏం జబ్బో చెప్పదు.

ఊపిరితిత్తి దాటి

తొంభై శాతం పైగా రోగుల్లో ఊపిరితిత్తులో, ఛాతీ గ్రంథులో చిక్కుకుంటాయి. మనిషిని దెబ్బతీసేది మాత్రం తరచూ వేరే అవయవం. అందుకే నిర్ధారణ రోజునే, ఏ ఇబ్బందీ లేకపోయినా, కంటి పరీక్ష, ఈసీజీ, క్యాల్షియం, కాలేయం, కిడ్నీ పరీక్షలు చేయించాలి.

కంటిలో మంట ఉన్నా రోగికి తెలియకపోవచ్చు. స్లిట్ ల్యాంప్ కింద కార్నియా వెనక అంటుకున్న కణాల గుంపులు వేట మాంసం కొవ్వు బొట్లలా కనిపిస్తాయని పేరే 'మటన్ ఫ్యాట్' పెట్టారు. చాలాసార్లు కంటి వైద్యుడే మొదట అనుమానించి ఛాతీ ఎక్స్‌రే రాస్తాడు.

చర్మం మీద మన సమస్య టీబీ కాదు, కుష్ఠు. ముఖం మీద, వీపు మీద లేచిన రాగిరంగు మచ్చలు రెంటిలోనూ ఒకేలా ఉండొచ్చు, ముక్కలోనూ రెంటిలోనూ గ్రాన్యులోమాయే. మచ్చ మీద దూదితో తాకితే స్పర్శ తెలుస్తోందా, మోచేతి దగ్గర నరం లావెక్కిందా అని చూడటానికి ఖర్చేమీ లేదు. ఇంకో గుర్తు: చిన్నప్పటి మోకాలి మచ్చ, పాత ఆపరేషన్ కుట్టు, ఎప్పుడో పొడిపించుకున్న పచ్చబొట్టు ఉన్నట్టుండి ఎర్రబడి ఉబ్బితే అది సార్కోయిడోసిస్ కావచ్చు.

క్యాల్షియం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. గ్రాన్యులోమా కణాలు కిడ్నీ అనుమతి లేకుండానే విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చేస్తాయి, దాంతో రక్తంలో క్యాల్షియం పెరుగుతుంది. మామూలు ల్యాబు కొలిచేది నిల్వ రూపాన్ని, అంటే 25-హైడ్రాక్సీ డిని. అంతా చురుకైన రూపంలోకి పోతోంది కాబట్టి నిల్వ తక్కువ కనిపిస్తుంది. అది చూసి అరవై వేల యూనిట్ల సాచెట్ వారానికొకటి రాసేస్తారు. మన దగ్గర నీరసం అన్న ప్రతివాళ్లకూ అందే మందు అదే. సార్కోయిడోసిస్‌లో అది దాహం, వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు, చివరకు కిడ్నీ దెబ్బతినడం దాకా తీసుకుపోగలదు. ఎండాకాలంలో మరీను. స్టెరాయిడ్ రాసినప్పుడు ఎముకల కోసమని క్యాల్షియం, విటమిన్ డి మాత్రలు అలవాటుగా జోడించడం కూడా ఈ జబ్బులో ఆలోచించి చేయాల్సిన పని. ఇవ్వాల్సి వస్తే ముందు రెండు రూపాలూ కొలవాలి, తర్వాత క్యాల్షియం చూస్తూ ఉండాలి. మొదట్లో చెప్పిన కవరు అడుగున ఉన్న 11.4 అంకె టీబీ ఆలోచనకు పడ్డ మొదటి చీలిక, దాన్ని ఎవరైనా చదివి ఉంటే.

గుండెది వేరే లెక్క. ఇక్కడ గ్రాన్యులోమా పెద్దదే కానక్కర్లేదు, కరెంటు తీగ మీద పడితే చాలు. ఫిన్‌లాండ్‌లో 18–55 ఏళ్ల మధ్య కారణం తెలియని హార్ట్ బ్లాక్‌తో పేస్‌మేకర్ పడ్డ 72 మందిని వెతికితే నాలుగో వంతు మందిలో గుండె సార్కోయిడోసిస్ గానీ, దాని దగ్గరి చుట్టం జెయింట్ సెల్ మయోకార్డైటిస్ గానీ బయటపడ్డాయి. హైదరాబాదు హృద్రోగ నిపుణులు 2011లో ప్రచురించిన పరిశీలన దీనికి మన కోణం జోడించింది. గుండె పంపింగ్ బాగానే ఉండి, కింది గదుల నుంచి ప్రమాదకరమైన వేగంతో కొట్టుకుంటూ వచ్చినవాళ్లలో కొందరి ఛాతీ మధ్య గ్రంథుల్లో గ్రాన్యులోమాలు దొరికాయి. మళ్లీ అదే ప్రశ్న: సార్కోయిడా, టీబీయా? ముప్పై, నలభై ఏళ్ల మనిషి స్పృహ తప్పి పడితే పేస్‌మేకర్ వేసి పంపేయకుండా ఒక ఛాతీ సీటీ తీయించడం ఇప్పటికైనా అలవాటు కావాలి.

గుండె పెట్ స్కాన్‌కి ముందు రోజు ఆహారం దగ్గర మన వంటిల్లు అడ్డొస్తుంది. గుండె కండరం చక్కెరను వాడకుండా కొవ్వు మీద నడవాలి, అప్పుడే జబ్బున్న చోటు మాత్రమే వెలుగుతుంది. అంటే కనీసం రెండు పూటలు అన్నం, ఇడ్లీ, రొట్టె, పాలు, పండ్లు, పంచదార ఏవీ ఉండకూడదు. తర్వాత రాత్రంతా పస్తు. గుడ్లు, నూనెలో వేయించిన కోడి, నెయ్యి తినేవాళ్లకు పరవాలేదు. శాకాహారికి ఏం పెట్టాలో చెప్పడానికి పావుగంట కూర్చోవాలి. 'కొంచెం పెరుగన్నం తిన్నానండీ, ఖాళీ కడుపుతో మాత్ర ఎలా వేసుకోను' అన్న ఒక్క మాటతో ఖరీదైన స్కాన్ గుండెంతా వెలిగి పనికిరాకుండా పోతుంది.

మందు ఎప్పుడు వద్దు

లండన్ వైద్యుడు స్కాడింగ్ 1961లో ఎక్స్‌రేను బట్టి దశలు కట్టాడు. గ్రంథులు మాత్రమే ఉంటే ఒకటో దశ, గ్రంథులతో పాటు ఊపిరితిత్తి కూడా అయితే రెండు, ఊపిరితిత్తి మాత్రమే అయితే మూడు, గీతలు పడి గట్టిపడితే నాలుగు. ఇవి మెట్లు కావు, ఒకటి నుంచి నాలుగుకి అందరూ ఎక్కరు. వాటంతట అవే తగ్గే అవకాశం ఒకటో దశలో 55–90 శాతం, రెండులో 40–70, మూడులో 10–20, నాలుగులో లేనట్టే. మొత్తం మీద మూడింట రెండు వంతుల మందికి జబ్బు వెనక్కి తగ్గుతుంది.

కాబట్టి ఎక్స్‌రే బాగాలేదన్నది మందుకి కారణం కాదు. ఊపిరితిత్తి సామర్థ్యం పడిపోతుంటే, దగ్గూ ఆయాసం రోజువారీ బతుకును అడ్డుకుంటుంటే, కన్ను, గుండె, మెదడు, కిడ్నీ, క్యాల్షియం తగులుకుంటే మందు. ముక్కు మీదా చెంపల మీదా చర్మాన్ని తినేసే లూపస్ పెర్నియో కూడా, ప్రాణం తీయకపోయినా, మందు అడుగుతుంది. యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ 2021లో చెప్పిన కొలత ఇదే: చనిపోయే లేదా శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఎంత, బతుకు ఎంత ఇబ్బందిగా ఉంది. ఈ రెండూ లేకపోతే మూణ్ణెల్లకోసారి చూస్తూ ఉండటమే వైద్యం. 'ఇంత దూరం వచ్చాం, మందేమీ రాయరా?' అని అడిగే రోగికి మందు రాయకపోవడం కూడా చికిత్సేనని ఒప్పించాలంటే రాసే సమయం కన్నా ఎక్కువ పడుతుంది.

మందు మొదలైతే దశాబ్దాలుగా మొదటిది ప్రెడ్నిసోలోన్. ఎంత మోతాదు? ఈ ప్రశ్నకు మంచి సమాధానం మన దేశం నుంచే వచ్చింది. చండీగఢ్ పీజీఐ వైద్యులు 86 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి రోజుకి 40 మిల్లీగ్రాములు, ఇంకో గుంపుకి 20తో మొదలుపెట్టి తగ్గిస్తూ వచ్చారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో ఏడాదిన్నర తర్వాత జబ్బు తిరగబెట్టడంలో గానీ, మందు పనిచేయకపోవడంలో గానీ తేడా కనబడలేదు. ఊపిరితిత్తుల సార్కోయిడోసిస్‌లో నలభై రాసే చెయ్యి ఒకసారి ఆగాలన్నమాట. గుండె, మెదడు లెక్క వేరు, అక్కడ తక్కువతో ఊరుకోలేం.

2025లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పరిశోధన ఇంకో మెట్టు పైకెళ్లింది. 138 మందిలో కొందరికి మొదటి మందుగా ప్రెడ్నిసోన్, మిగతావాళ్లకు మెథోట్రెక్సేట్ ఇచ్చి 24 వారాలు చూశారు. ఊపిరితిత్తి సామర్థ్యం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమంగా పెరిగింది. స్టెరాయిడ్ త్వరగా పనిచేసింది, బరువూ ఆకలీ నిద్రలేమీ తెచ్చింది. మెథోట్రెక్సేట్ నెమ్మది, వికారం, అలసట, కాలేయ పరీక్షల్లో తేడాలు తెచ్చింది. ఇంటింటా షుగరున్న మన ప్రాంతంలో ఈ ఎంపిక ఉండటం పెద్ద ఊరట. అయితే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మందు. 'రోజూ ఒకటి' అనుకుని మింగి నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి వచ్చేవాళ్లను చూశాం. చీటీ మీద 'ఆదివారం మాత్రమే' అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయాలి. ఫోలిక్ యాసిడ్ ఇంకో రోజున. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లకు ఈ మందు కుదరదు.

వీటికి లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్. 2006లో 138 మంది మీద చేసిన పరీక్షలో ఊపిరితిత్తి సామర్థ్యం సగటున 2.5 శాతం పెరిగింది. సగటు చిన్నదే అయినా లూపస్ పెర్నియో, మెదడు జబ్బుల్లో దీని పనితనం వేరు. గ్రాన్యులోమాను కట్టి ఉంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీనును ఇది అడ్డుకుంటుంది, అదే టీఎన్ఎఫ్ నిద్రలో ఉన్న టీబీని కూడా కట్టి ఉంచుతోంది. కాబట్టి ఈ ఇంజెక్షనుకి ముందు మళ్లీ మాంటూ లేదా ఇగ్రా రక్తపరీక్ష, మళ్లీ ఎక్స్‌రే, అవసరమైతే టీబీ నివారణ మందులు. చర్మానికీ క్యాల్షియానికీ హైడ్రాక్సీక్లోరోక్విన్, మొండి చర్మానికి టొఫాసిటినిబ్ వాడకం కూడా ఉంది. రెండోదాని మీద ఆశ ఎక్కువ, అనుభవం తక్కువ.

స్టెరాయిడ్ ఆరు నుంచి పన్నెండు నెలల్లో తగ్గించి ఆపాక మళ్లీ రావడం మామూలే, అదీ ముఖ్యంగా మొదటి కొన్ని నెలల్లో. అప్పుడు చేతికి అందాల్సింది పాత ఎక్స్‌రేలు. ఇప్పటి ఎక్స్‌రేలో కనిపించే గీత రెండేళ్ల కిందటిదే అయితే అది మానిన గాయం మచ్చ. కొత్తదైతే మందు. ఎన్ని కొత్త స్కాన్లు తీసినా ఈ మాట పాత ఫిల్ము తప్ప ఇంకేదీ చెప్పదు.

చివరకు మిగిలే ఫిర్యాదు నీరసం. గ్రంథులు తగ్గాయి, క్యాల్షియం తొమ్మిదికి వచ్చింది, ఊదుడు పరీక్ష బాగుంది, మనిషి మాత్రం మధ్యాహ్నానికే మంచం ఎక్కుతాడు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, డాక్టరు 'అన్నీ నార్మలే' అంటాడు. స్టెరాయిడ్ పెంచితే ఈ నీరసం తగ్గదు, ఒక్కోసారి ఆ స్టెరాయిడే దానికి కారణం. థైరాయిడ్, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, దిగులు, ఇవి చూసి సరిచేయాలి. రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే నడక కొందరికి నిజంగా పనిచేస్తుంది. అరికాళ్లు మండుతున్నాయి, దుప్పటి తగిలితే ఓర్చుకోలేను అంటే సన్నని నరాల జబ్బు కావచ్చు. అప్పుడు మామూలు నరాల పరీక్ష నార్మల్ అనే వస్తుంది, ఎందుకంటే అది లావు నరాలను మాత్రమే కొలుస్తుంది. కాలి చర్మం నుంచి మూడు మిల్లీమీటర్ల ముక్క తీసి అందులో నరాల పోగులు లెక్కపెడితే గానీ రోగి చెప్పింది నిజమని తేలదు.